ఎన్నికల కాలమున పత్రికలకు రైతు వ్రాయవలసిన లేఖ

ఎన్నికలు సమీపించినపుడు గ్రామమునకు రాని పెద్దమనుష్యుడు లేడు. ఐదేండ్లు త్రోవ యెఱుగనివారు సైతము చేలగట్లపై నడచివచ్చి రైతు భుజముపై చేయివైచి కుశలమడుగుదురు. వచ్చినవారందఱును మాటలాడుదురు, రైతు వినును. వినుట మర్యాదయే. కాని వినుటతోనే తన పని ముగిసినదని రైతు తలంచరాదు. ఎన్నికల దినములలో రైతు తన ఆదాయవ్యయములను, తన సంశయములను, తన ప్రశ్నలను స్థానిక పత్రికలకు లేఖారూపమున వ్రాయవలెనని మా అభిప్రాయము. ఏల వ్రాయవలెనో, ఏమి వ్రాయవలెనో, ఎట్లు వ్రాయవలెనో సభ్యుల యెదుట కొంత వివరముగ నుంచుచున్నాము.

దేశముయొక్క ఆర్థికస్థితినిగూర్చి పత్రికలలో వ్రాయువారు పెక్కురు కలరు. వారు ఉత్పత్తి శాతములను, ద్రవ్యోల్బణమును, ప్రభుత్వపు అప్పులను లెక్కించి చెప్పుదురు. ఆ లెక్కలు అవసరములే. వానిని మేము తేలికచేయుట లేదు. అయినను రైతునకు ఆర్థికస్థితి యన మఱియొకటి. కాటామీద ధాన్యము తూగినపుడు తరుగు పేర ఎన్ని కిలోలు పోయినవి, అమ్మిన ధాన్యమునకు రొక్కము ఎన్ని దినములకు చేతికి వచ్చినది, బోరుమోటారునకు విద్యుత్తు ఏ వేళ వచ్చినది, కోతయంత్రమునకు గంటకు ఎంత యిచ్చినాము, కౌలు ఎకరమునకు ఎంత పెరిగినది, ఇవియే వాని ఆర్థికశాస్త్రము. పట్టణమున కూర్చుండి వ్రాయు పండితునకు ఈ సంగతులు తెలియవు. తెలిసినవాడు రైతు, కాని రైతు వ్రాయడు. కావున ఎన్నికల చర్చ యంతయు ఈ లెక్కలు లేకయే నడచిపోవుచున్నది.

రైతు బాధలు పత్రికలకెక్కుట మన దేశమున క్రొత్తసంగతి కాదు. మచిలీపట్టణమున 1902లో పుట్టిన కృష్ణాపత్రికయు, 1908లో బొంబాయిలో వారపత్రికగ వెలసి 1914లో మదరాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికయు, 1926లో హైదరాబాదున ఆరంభమైన గోలకొండపత్రికయు పల్లెల సంగతులను విద్యావంతుల యెదుటికి తెచ్చినవి. నెల్లూరునుండి వెలువడిన జమీన్ రైతు పేరే దాని పక్షమును చాటుచున్నది. 1929 తరువాత లోకమంతట ధరలు పడిపోయినపుడు ధాన్యపు వెల బహుగా తగ్గెను; అప్పు మాత్రము తగ్గలేదు. శిస్తు తగ్గలేదు. ఆ బాధ సభలలోను, పత్రికలలోను ఏండ్ల తరబడి చర్చింపబడినందుననే 1937 ఎన్నికలలో రైతుల ఋణము ముఖ్యవిషయమయ్యెను. ఆ యెన్నికల పిమ్మట ఏర్పడిన మదరాసు మంత్రివర్గము 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన శాసనమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదికి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ దానివలన రద్దయ్యెను. అసలునకు రెండింతలు ముందే చెల్లించియున్నవానికి అప్పే తీఱిపోయెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెత ఈ సందర్భమున చక్కగ సరిపోవును.

ఇంతకంటె సమీపకాలపు దృష్టాంతము మఱియొకటి కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు సారాదుకాణములను ఎదిరించిరి. వారి వాదమున రాజకీయ సిద్ధాంతము లేదు. ఇంటి పద్దు ఉన్నది. కూలి యెంత, అందు సారాకు పోవునది యెంత, ఇంటికి మిగులునది యెంత, అని వారడిగిరి. పత్రికలు ఆ మాటలను దినదినము ప్రకటించెను. 1993 అక్టోబరునుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము వాగ్దానమయ్యెను. 1995లో అది అమలునకు వచ్చెను. చదువురాని స్త్రీల ఇంటిలెక్క రాష్ట్రమంతటి యెన్నికలను కదల్చినదన్నమాట.

కాని కథ అంతటితో ముగియలేదు. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. మద్యమువలన వచ్చు ఆదాయము పోయినపుడు బొక్కసమును దేనితో నింపవలెనను ప్రశ్నకు తగిన సమాధానము ముందుగ సిద్ధముచేసికొనకపోవుట అందులకు ఒక ముఖ్యకారణము. ఇందు రైతులు నేర్వవలసిన పాఠమున్నది. "మాకు ఇది కావలెను" అని వ్రాయుట సగము లేఖ మాత్రమే. "దీనికి ధనము ఎక్కడినుండి తెత్తురు, ఎంతకాలము ఇత్తురు" అని అడుగుట తక్కిన సగము. మొదటి సగము మాత్రమే వ్రాసినవానికి వాగ్దానము దొరకును. రెండవ సగము కూడ వ్రాసినవానికే వాగ్దానముయొక్క ఆయువు తెలియును.

ఈ మాటను మేము సహకార పరపతి సంఘముల పక్షమున విశేషముగ చెప్పవలసియున్నది. ఋణమాఫీ వాగ్దానము వినబడిన దినమునుండి సంఘములలో వసూళ్లు మందగించుట అందఱెఱిగిన సంగతియే. రేపు రద్దగు బాకీని నేడేల కట్టవలెనని సభ్యుడు తలపోయును. అది మానవస్వభావము, నిందింపబనిలేదు. కాని దాని ఫలమేమి? కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ ననుసరించి 3 లక్షలవఱకు పంటఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవానికి మఱి 3 తగ్గి 4 మాత్రమే పడును. లక్షరూపాయలు తీసికొన్నవాడు గడువు తప్పినయెడల ఏడాదికి 4000 పోవలసినచోట 7000 పోవును. ఆపైన జాప్యమునకు వడ్డీ హెచ్చగును. క్రొత్త అప్పు పుట్టదు. సొమ్ము తిరిగిరాని సంఘము మఱియొక సభ్యునకు విత్తనముల వేళ ఋణమీయజాలదు. అప్పుడా సభ్యుడు వడ్డీవ్యాపారి గడపకే పోవలసివచ్చును.

గతమును చూడుడు. 2014లో రెండు రాష్ట్రములును ఋణమాఫీని ప్రకటించినవి. తెలంగాణమున లక్షరూపాయలవఱకు నాలుగు వాయిదాలలో చెల్లించిరి. ఆంధ్రప్రదేశమున కుటుంబమునకు లక్షన్నర పరిమితి; 50,000 దాటినవారికి 5 వాయిదాలు ఏర్పఱచిరి. 2019లో ప్రభుత్వము మాఱునాటికి తుదివాయిదాలు అందనివారు మిగిలిరి. తెలంగాణమున 2023 ఎన్నికల వాగ్దానము ననుసరించి 2024 జూలై, ఆగస్టు నెలలలో కుటుంబమునకు 2 లక్షలవఱకు మాఫీ జరిగినది. అది 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వఱకు గల ఋణములకు మాత్రమే. వీనివలన మేలు పొందినవారు వేలు లక్షలు కలరు. ఆ మేలును మేము కాదనుట లేదు. కాని గడువుతేది ఏది, కుటుంబమన నెవరెవరు, పరిమితి దాటిన మొత్తము సంగతి యేమి, వాయిదాల నడుమ పెరుగు వడ్డీ యెవరిది, బ్యాంకున అప్పే పుట్టని కౌలురైతునకు దక్కునదేమి, ఈ ప్రశ్నలన్నియు ఎన్నికలైన పిమ్మట సంఘపు కార్యాలయమున కార్యదర్శిని అడిగిన ప్రశ్నలు. అవి ఎన్నికలకు ముందు పత్రికలలో అభ్యర్థిని అడుగవలసిన ప్రశ్నలు. తగినవానిని, తగిన కాలమున అడుగకపోవుటవలననే ఇన్ని చిక్కులు.

అడుగుటకు మనకు ఆధారమును కలదు. 2013లో సుప్రీముకోర్టు ఎన్నికల ప్రణాళికలనుగూర్చి తీర్పు చెప్పుచు నియమములేర్పఱుపుమని ఎన్నికల సంఘమును ఆదేశించెను. 2014లో ఆ నియమములు ప్రవర్తనావళియందు చేరినవి. వాగ్దానమునకు హేతువును, దానికి వలయు ధనమును సమకూర్చు మార్గమును స్థూలముగనైన పక్షములు తెలుపవలెనని వానిలో నున్నది. కావున "ధనమెక్కడిది" అని రైతు వ్రాసినచో అది వితండము గాదు. నియమము చెప్పినదానినే వాడు అడుగుచున్నాడు.

ఇక ఎట్లు వ్రాయవలెనను విషయము. మొదటిది, ఒక లేఖకు ఒకే విషయము. ధర, ఎరువు, విద్యుత్తు, చెఱువు మరమ్మతు, కూలిరేట్లు అన్నియు ఒకే కాగితమున గుప్పించినచో పత్రికవారు దేనిని ప్రకటింపవలెనో తెలియక ప్రక్కకు పెట్టుదురు. రెండవది, లెక్క చెప్పవలెను. "రైతు దోపిడి యగుచున్నాడు" అని వ్రాసిన లేఖను చదివి మఱచిపోవుదురు. రశీదు చూచి వ్రాసిన లేఖను ఎవరును త్రోసిపుచ్చజాలరు. మూడవది, కొలతను స్పష్టముగ తెలుపవలెను. డెల్టా ప్రాంతములలో బస్తాయన 75 కిలోలు. నెల్లూరు సీమలో పుట్టియన 850 కిలోలు. ప్రభుత్వపు మద్దతుధర క్వింటాలునకు. బస్తాధరను క్వింటాలుధరతో పోల్చి వ్రాసినచో మన లేఖయే మనకు ప్రతికూలమగును. నాల్గవది, తుదిని ఒక ప్రశ్న యుండవలెను. సమాధానము చెప్పకుండుటకు వీలులేని సూటి ప్రశ్న.

మచ్చునకు ఇట్టి లేఖ నొకదానిని ఇచ్చట పొందుపఱచుచున్నాము.

"పత్రికాధిపతిగారికి నమస్కారములు. నేను ఐదెకరముల వరిరైతును. అందు మూడెకరములు కౌలు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము ధాన్యమునకు ప్రభుత్వము ప్రకటించిన మద్దతుధర క్వింటాలునకు 2369 రూపాయలు. తేమ నూటికి 17 మించరాదని నియమము. నా ధాన్యము తేమ నియమమునకు లోబడియున్నను, తాలు, తరుగు అనుచు క్వింటాలునకు 3 కిలోలు తీసివేసిరి. క్వింటాలునకు 71 రూపాయలు చొప్పున 60 క్వింటాళ్లకు రమారమి 4264 రూపాయలు నాకు తగ్గినవి. ఈ తరుగునకు రశీదు లేదు. మద్దతుధరను హెచ్చింతుమని చెప్పు అభ్యర్థులందఱిని నేనడుగునది ఒక్కటే: హెచ్చు సంగతి యటుండనిండు, ప్రకటించిన ధరలో రశీదులేని కోత నిలుపుటకు మీరేమి చేయుదురు?"

ఇట్టి లేఖయందు తిట్టు లేదు, వేడుకోలు లేదు, పొగడ్త లేదు. ఇది సుమారు డెబ్బది మాటల లేఖ. పట్టణమున పండితుడు వ్రాసిన నిలువెడు వ్యాసమున లేని సంగతి ఇందున్నది.

వ్రాయు కాలమునుగూర్చి ఒక మాట. పోలింగునకు రెండు దినముల ముందు వ్రాసిన ప్రయోజనము స్వల్పము. ప్రణాళికలు తయారగుటకు ముందే వ్రాయవలెను. అప్పుడే మాట చెవికెక్కును. అదియు గాక, ఎన్నికల ప్రకటన వెలువడిన పిమ్మట ప్రభుత్వపు చేతులు కట్టుబడును. 2023 నవంబరులో తెలంగాణమున రైతుబంధు సొమ్ము పంచుటకు మొదట అనుమతించిన ఎన్నికల సంఘము, ప్రచారసభలో ఆ విషయము ప్రస్తావింపబడినందున, నవంబరు 27వ తేదిని ఆ యనుమతిని ఉపసంహరించెను. పోలింగు 30వ తేది. యాసంగి పెట్టుబడి వేళ కనిపెట్టుకొనియున్న రైతు ఇందుచే నష్టపడెను. ఎన్నికల సంఘము తన నియమమును పాటించినది. కాని ఎన్నికల కాలము ముందే తెలిసియున్నపుడు, పెట్టుబడి సొమ్ము ప్రకటనకు ముందే యేల చేర్చరాదని సెప్టెంబరులో పదిమంది రైతులు పత్రికకు వ్రాసియుండదగును. కాలమెఱిగి వ్రాయుటయన నిదియే.

కొన్ని జాగ్రత్తలు సభ్యులు తప్పక పాటింపవలెను. అభ్యర్థుల స్వంత నడవడినిగూర్చి నిరాధారముగ వ్రాయరాదు. ఎన్నికల విషయమున అట్టి అసత్యప్రకటన చట్టరీత్యా శిక్షార్హము. మన వాదము పనులతో, లెక్కలతో; మనుష్యులతో కాదు. ఎవరో వ్రాసి తెచ్చిన లేఖకు ఎన్నడును వ్రాలు చేయరాదు. ఎన్నికల ఋతువున ఒకే మాటలతో పది గ్రామములనుండి పది లేఖలు పుట్టుట కలదు. అట్టివానిని చదువరులు వెంటనే కనిపెట్టుదురు, నిజమైన రైతు లేఖలను కూడ అప్పుడు నమ్మరు. సొమ్ము తీసికొని వార్తలు ప్రకటించు దుష్టాచారము 2009 ఎన్నికల కాలమున మన రాష్ట్రమునందే బయల్పడినది. దానిని విచారించి భారత ప్రెస్ కౌన్సిలు ఉపసంఘము 2010లో నివేదిక సమర్పించినది. అమ్ముడుపోయిన అక్షరములచే పత్రికల గౌరవము తగ్గియున్న కాలమున, సంతకముతో కూడిన సామాన్యుని లేఖకు విలువ హెచ్చియేయున్నది.

మఱియు, లేఖను సంఘము పేర వ్రాయరాదు. సహకారసంఘమున అన్ని పక్షములవారును సభ్యులు. వాటాధనమునకు పక్షము లేదు. సంఘపు కాగితముమీద, సంఘపు ముద్రతో ఒక అభ్యర్థిని మెచ్చుచునో నొచ్చుచునో లేఖ పోయినచో సంఘము చీలును. తండ్రుల నాటినుండి కట్టుకొన్న ఇల్లు ఒక్క ఎన్నికకు కూలరాదు. రైతు తన పేర, తన యూరి పేర వ్రాయవలెను. పేరు ప్రకటించుటకు జంకువారు, నిజమైన పేరును, చిరునామాను పత్రికాధిపతికి తెలిపి, ప్రకటింపవలదని కోరవచ్చును.

కొందఱు సభ్యులు చెప్పు ఆక్షేపణలను మేమెఱుగుదుము. "మన పత్రికలు ఏదో యొక పక్షమునకు చేరువైనవే, మన లేఖను వేయుదురా?" అని యొకరందురు. నిజమే, కొన్ని లేఖలను వేయరు. పత్రికకు వచ్చిన ప్రతి లేఖను ప్రకటించు బాధ్యత పత్రికాధిపతికి లేదు. సంక్షేపించు హక్కు అతనికి కలదు, అర్థమును మార్చుట మాత్రము తగదు. కాని ఒకే లేఖను భిన్నపక్షముల పత్రికలకు పంపవచ్చును. 1980 దశకము చివరినుండి తెలుగు దినపత్రికలకు జిల్లా అనుబంధములు ఏర్పడినవి. వానికి ప్రతిదినము స్థానిక సంగతులు కావలెను. రాజధాని పుటలో చోటు దొరకని లేఖకు జిల్లా పుటలో చోటు దొరకును. అభ్యర్థులును వారి అనుచరులును ఉదయము మొట్టమొదట చదువునది ఆ జిల్లా పుటయే.

"లేఖవలన నొక్క వోటైన మాఱునా?" అని మఱియొకరందురు. వోటు మార్చుట మన యుద్దేశము కాదు. ఎవరికి వోటు వేయవలెనో సభ్యులకు చెప్పుట ఈ పత్రిక పని కాదు, చెప్పము. మాఱవలసినది ప్రశ్న. అభ్యర్థి గ్రామమునకు వచ్చినపుడు కులమునుగూర్చియు, పంచిపెట్టు సొమ్మునుగూర్చియు గాక, తరుగునుగూర్చియు వాయిదాలనుగూర్చియు సమాధానము చెప్పవలసివచ్చినచో అదియే మన లేఖకు ఫలము.

"ఊరిలో వ్యాపారికి, నాయకునకు కంటయగుదుము" అని మెల్లగ చెప్పువారును కలరు. ఈ మాటను మేము తేలికగ తీసికొనుట లేదు. ఒంటరిగ వ్రాసినవానికి ఆ భయము న్యాయమైనదే. కావుననే పదిమంది ఎవరి లెక్క వారు, ఎవరి మాటలలో వారు, ఒకే వారమున వ్రాయుట మేలు. ఒకరి లెక్కను చూచి పగబూనవచ్చును గాని పదిమంది లెక్కలు ఒకటే చెప్పుచున్నపుడు పగ యెవరిపై? సహకారమన అప్పు తీసికొనుటలో మాత్రమే గాదు. ధైర్యమును పంచుకొనుటలోను సహకారమే.

వ్రాయనేరని సభ్యులు సిగ్గుపడబనిలేదు. చదివిన కుమారుడో కుమార్తెయో చెప్పినట్లు వ్రాయవచ్చును. వ్రాసినదానిని మరల చదివించుకొని విని, తన మాటయే యని తోచినపుడు వ్రాలు చేయవలెను. ప్రభుత్వ కార్యాలయముల లెక్కలు కావలసినవారు 2005 సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. సమాధానమునకు గడువు సాధారణముగ 30 దినములు. కనుక ఎన్నికలకు మూడు నాలుగు నెలల ముందే అర్జీ పెట్టినవానికి లేఖకు వలయు సంఖ్యలు చేతనుండును.

చివరిమాట. ప్రకటింపబడిన లేఖను కత్తిరించి, దానికి వచ్చిన సమాధానమును కూడ దానితో కలిపి, పాసుపుస్తకము ప్రక్కన భద్రపఱచుకొనుడు. ఎన్నికలైన ఏడాదికి దానిని తీసి మరల చదువుడు. మాట నెఱవేరినచో ఆ సంగతినే కృతజ్ఞతతో పత్రికకు వ్రాయుడు. నెఱవేరనిచో తేదితో సహా జ్ఞాపకము చేయుడు. వడ్డీవ్యాపారి మన బాకీని పుస్తకమున వ్రాసికొని మఱచిపోడు గదా. మనకు బాకీపడినవారి మాటలను మనమును వ్రాసియుంచుకొనుట న్యాయమే యని మా విశ్వాసము.